పోస్టు పెట్టె నంబరు

పెద్దలకు, గల్ఫ్ పోయొచ్చినవాళ్లకు, పోయేందుకు మెడికల్ చేయించుకొని కూర్చున్న తమ్ముళ్లకు నమస్కారం. జగిత్యాలలో ఎవరిని కదిలించినా దుబాయి పోయిన ముచ్చట చెప్తారు. నేను పందొమ్మిదేళ్ల తర్వాత చుట్టపుచూపుగా మళ్లీ పోయిన ముచ్చట చెప్తాను.

1996లో పోయాను, 2004లో వచ్చేశాను. బిల్డింగులకు ఇనుప సలాకలు కట్టే పని. ఉండేది సోనాపూర్ క్యాంపులో. పేరుకు బంగారు ఊరు. గదికి పన్నెండు మందిమి, మంచం మీద మంచం. తెల్లారకముందే బస్సు, చీకటి పడ్డాక మళ్లీ బస్సు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో. 2023 జులైలో మా పెద్దోడు విజిట్ వీసా తీసి నన్నూ మా ఇంటామెనూ రమ్మన్నాడు. వాడు అక్కడ ఏసీ ఆఫీసులో లెక్కలు రాస్తాడు. ఈసారి పాస్‌పోర్టు నా జేబులోనే ఉంది. గంటకోసారి తడిమి చూసుకున్నాను.

కారు షేక్ జాయెద్ రోడ్డు ఎక్కగానే నాకు దిక్కు తెలియలేదు. మా కాలంలో గుర్తుకు 39 అంతస్తుల ట్రేడ్ సెంటర్ ఉండేది. అప్పటి వంద దిర్హాముల నోటు వెనక దాని బొమ్మే ఉండేది. ఇప్పుడు వెతికితేగాని కనపడలేదు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పని మొదలైంది నేను ఇంటికొచ్చిన ఏడే.

"బాపూ, వీటిలో నువ్వు కట్టినవి ఏవి?" అన్నాడు పెద్దోడు.

సలాక కట్టినోడి పని కాంక్రీటు పోసేదాకే కనపడుతుంది. ఒక బిల్డింగు చూపించాను. అదేనని గట్టిగా చెప్పలేను. మా ఇంటామె నవ్వింది. "ఎన్మిదేండ్లున్నవ్, ఒక్క తొవ్వ తెల్వదు!" నిజమే. నాకు తెలిసిన దుబాయి బస్సు కిటికీలోంచి కనపడినంతే. అక్కడి సముద్రంలో కాళ్లు పెట్టింది కూడా ఈసారే.

ఒక సైటు పక్కన మధ్యాహ్నం పూట పనోళ్లు అట్టలు పరుచుకొని పడుకున్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని అక్కడి రూలు. మాకు అది లేదు, తడిగుడ్డ చుట్టి సలాక పట్టుకునేవాళ్లం. మంచి రూలే. కాని మూడింటికి లేచి పట్టుకుంటే ఆ సలాక చల్లగా ఉంటుందా?

నాసర్ స్క్వేర్‌ను మాత్రం గుర్తుపట్టాను. శుక్రవారం అక్కడ మావాళ్లంతా కలిసేవాళ్లం. కోరుట్లవాళ్లు ఒక మూల, మెట్‌పల్లివాళ్లు ఇంకో మూల. ఎవరైనా ఊరికి పోతున్నారంటే వాళ్ల చేతికి పైసలు, సబ్బులు, మాటలు నింపిన క్యాసెట్లు. 2011 నుంచి దాని కింద మెట్రో ఆగుతోంది.

ఇవన్నీ చూపించాక, ఇంకేం చూస్తావని మా ఇంటామెను అడిగాను. "నీ పోస్టు డబ్బా" అన్నది.

అక్కడ పోస్ట్‌మ్యాన్ ఇంటింటికీ తిరగడు. ఉత్తరం పెట్టె నంబరుకు పోతుంది. కంపెనీకంతా ఒకటే పెట్టె, ఆఫీసు కుర్రాడు తెచ్చి పంచేవాడు. ఎనిమిదేళ్లు ఆ నంబరు మీద రాసి రాసి ఆమెకు నోటికొచ్చేసింది. నేనే మరిచిపోయాను. నంబరు ఇక్కడ చెప్పను, ఇప్పుడు అది ఎవరిదో ఏమో.

కరామాలో పెద్ద పోస్టాఫీసుకు పోయాం. గోడ పొడుగునా చిన్న చిన్న ఇనుప తలుపులు, ఒక్కోదానికి తాళం రంధ్రం. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని వరుసలు లెక్కపెట్టుకుంటూ పోయింది. దొరికింది. నడుమెత్తున ఉంది, నా అరచేయి పెడితే తలుపు మూసుకుపోయేంత.

"గింతేనా?" అన్నది.

ఇంతలో తాళంచెవి పట్టుకొని ఒకాయన వచ్చి దాని ముందే నిలబడ్డాడు. మేం జరిగాం. తలుపు తీసి రెండు కవర్లు తీసుకొని, "క్యా చాహియే?" అని అడిగాడు.

"కుఛ్ నహీ" అన్నాను నేను. ఆమె మాత్రం ఆయన తలుపు మూసేదాకా లోపలికి తొంగి చూస్తూనే ఉంది.