తెలిసినా పోని భ్రమలు

సభకు నమస్కారం. ఇంద్రియాలూ మెదడూ కలిసి ప్రపంచాన్ని మనకు ఎలా చూపిస్తాయన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. విషయం చాలా పెద్దది కాబట్టి అందులోంచి ఒక్క ప్రశ్ననే తీసుకుంటున్నాను. మనం పడే భ్రమల్లో కొన్ని నిజం తెలియగానే పోతాయి. మరికొన్ని నిజం ఎంత బాగా తెలిసినా పోవు. ఈ తేడా ఎందుకు వస్తోంది? భ్రమ అనగానే అదేదో కంటి జబ్బనో, మతి నిలకడ లేకపోవడమనో అనుకునే అలవాటు మనకుంది. నా లెక్కలో మెదడు పనితీరు బయటపడే చోటు అదే. అంతా సవ్యంగా కనిపిస్తున్నంతసేపు, చూడడం వెనక ఇంత పని జరుగుతోందన్న అనుమానమే మనకు రాదు.

మొదటి రకానికి మన శాస్త్రాల్లోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ఇసుకలో పడి ఉన్న ముత్యపుచిప్ప ఎండకు తళుక్కుమంటే, దూరం నుంచి చూసినవాడు వెండి అనుకుని గబగబా దాని దగ్గరికి నడుస్తాడు. శుక్తిరజతం అని పేరుపడ్డ ఈ చిన్న సంఘటన మీద భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఎక్కడో ఎప్పుడో చూసిన వెండి, జ్ఞాపకం దారిన వచ్చి ఎదుట ఉన్న చిప్పకు అంటుకుందని నైయాయికులు, అంటే న్యాయ దర్శనంవారు, అన్నారు. మీమాంస దర్శనంలో ప్రభాకరుణ్ణి అనుసరించే ప్రాభాకరులు దీన్ని ఒప్పుకోలేదు. ఎదురుగా 'ఇది' అని తోచే ప్రత్యక్షమూ, 'వెండి' అని తోచే స్మృతీ దేనికది సరైనదేననీ, రెంటికీ మధ్య ఉన్న తేడాను పట్టుకోకపోవడమే అసలు పొరపాటనీ వారు వాదించారు. ఆ వెండిని ఉన్నదనీ లేదనీ కూడా చెప్పడానికి వీల్లేదని అద్వైతులు తేల్చారు. ఎవరిది పైచేయి అన్నది తేల్చడం నా పని కాదు. శరీరధర్మశాస్త్రం చదువుకున్నవాడిగా నన్ను ఆకట్టుకునేది, నైయాయికులూ ప్రాభాకరులూ ఇద్దరూ జ్ఞాపకానికి ఇచ్చిన చోటు. జన్మలో వెండి చూడనివాడికి చిప్పలో వెండి కనిపించదు. చిప్పను చేతిలోకి తీసుకుని బరువు చూశాక ఎవరికీ వెండి మిగలదు. అంటే ఈ రకం భ్రమ పుట్టాలంటే పూర్వానుభవం ఉండాలి, ఎదుట ఉన్న సాక్ష్యం చాలీచాలనిదై ఉండాలి. సాక్ష్యం పెరిగితే అది నిలవదు.

రెండో రకాన్ని చూడాలంటే పౌర్ణమి సాయంత్రం విశాఖలోని ఆర్కే బీచ్‌కు వెళ్తే చాలు. మనది తూర్పు తీరం కాబట్టి చంద్రుడు నీళ్లలోంచే పైకి వస్తాడు, వచ్చేటప్పుడు పళ్లెమంత ఉంటాడు. గట్టు మీద నిలబడ్డవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. ఫొటోలో మాత్రం చిన్న చుక్క కనిపిస్తుంది, దాంతో ఫోన్‌ను తిట్టుకుంటారు. ఫోన్ తప్పేమీ లేదు. చంద్రబింబం ఆకాశంలో ఎక్కడున్నా దాని వెడల్పు సుమారు అర డిగ్రీ. చేయి పూర్తిగా చాచి చిటికెనవేలి గోరు అడ్డుపెట్టండి: సముద్రం అంచున ఉన్న చంద్రుడూ, అర్ధరాత్రి నడినెత్తికి చేరిన చంద్రుడూ ఆ గోరు వెనక ఒకే తీరుగా దాక్కుంటారు. లెక్క ప్రకారమైతే ఉదయించే చంద్రుడు మనకు భూమి వ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కిలోమీటర్లు, ఎక్కువ దూరంలో ఉంటాడు కనుక ఒకటిన్నర శాతం మేర చిన్నగానే కనిపించాలి. గాలి పొరలు వెలుగును వంచడం వల్ల బింబం నిలువున కాస్త నొక్కుకుపోతుందే తప్ప పెరగదు.

ఇది ఆకాశంలో జరిగే మార్పు కాదనీ, మనసు కట్టే అంచనా అనీ 11వ శతాబ్దంలోనే అరబ్బు శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ చెప్పాడు. నడినెత్తి కంటే క్షితిజం మనకు దూరంగా తోస్తుంది. కంటి లోపలి తెర అయిన రెటీనా మీద పడే బొమ్మ పరిమాణం మారకుండా దూరం మాత్రం ఎక్కువైతే, ఆ వస్తువు పెద్దదై ఉండాలని మెదడు నిర్ణయిస్తుంది. ఈ వివరణ మొత్తం కథను చెప్పదని అభ్యంతరపెట్టే శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు. ఆ తగాదా ఎలా తేలినా నాకు కావలసిన సంగతి మాత్రం మారదు. ఇదంతా విన్న తర్వాత కూడా వచ్చే పౌర్ణమికి చంద్రుడు మీకు పెద్దగానే కనిపిస్తాడు. నాకూ అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కన్ను కెమెరాలాంటిదని బడిలో చదువుకుని మనం చాలా నష్టపోయాం. ఒక్కో కంటిలో వెలుగును పట్టే కణాలు పన్నెండు కోట్లకు పైగా ఉంటే, అక్కడి నుంచి మెదడుకు వార్త మోసే నాడీతంతువులు సుమారు పది లక్షలే. అక్షరాలు చదవగలిగినంత స్పష్టమైన చూపు, చాచిన చేతి బొటనవేలి గోరంత మేరకే పరిమితం. ఆ కొంచెం చూపునే కన్ను సెకనుకు మూడుసార్ల చొప్పున అటూ ఇటూ విసురుతూ ఉంటుంది, విసిరిన ప్రతిసారీ మెదడు ఆ క్షణపు చూపును అణిచివేస్తుంది. ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటి నుంచి కుడి కంటికి చూపు మార్చుకోండి. మీ కళ్లు కదలడం మీకు ఎన్నడూ కనిపించదు. పక్కన నిలబడ్డ మనిషికి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకొకటి, కాగితం ఉంటే ఇప్పుడే చేయవచ్చు. ఎడమవైపు ఒక ఇంటూ గుర్తు, దానికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో కుడివైపు ఒక నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తీసుకురండి. ముఖానికి జానెడు, జానెడున్నర దూరంలో ఎక్కడో చుక్క మాయమవుతుంది. నాడి కంటిలోంచి బయటికి వెళ్లే ఆ చోట చూపే లేదని 1660లలో ఫ్రాన్స్‌లో ఎద్మె మారియట్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. వెలుగును పట్టే కణాలే అక్కడ లేవు. పది చందమామలు వరుసగా పట్టేంత ఖాళీ అది. అయినా అక్కడ మీకు రంధ్రమేదీ కనిపించదు. చుట్టూ తెల్లకాగితం ఉంటే తెల్లగా, గీతల కాగితం ఉంటే గీతలతో మెదడు దాన్ని పూడ్చేస్తుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో దిగే స్క్విడ్ కంటిలో నాడీతంతువులు రెటీనా వెనక నుంచే వెళ్తాయి కనుక దానికి ఈ లోటు లేదు. ఈ ఒక్క విషయంలో అది మనకంటే మెరుగు.

ఇంత కొద్ది సమాచారంతో ఇంత నిండైన లోకాన్ని కట్టాలంటే ఊహించక తప్పదు. చూడడమంటే మనకు తెలియకుండా జరిగే అనుమానమని, అంటే ఉన్న ఆనవాళ్లను బట్టి ఊహించి తేల్చుకోవడమని, 1867 నాటికే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ప్రతిపాదించాడు. మన తార్కికులు ప్రత్యక్షాన్నీ అనుమానాన్నీ జ్ఞానాన్నిచ్చే రెండు వేర్వేరు ప్రమాణాలుగా పెట్టారు. హెల్మ్‌హోల్ట్జ్ చెప్పినదాని ప్రకారం అనుమానం కలవని ప్రత్యక్షం అంటూ లేదు. అయితే ఆ అనుమానం చేసే విభాగం మన తెలివిని సంప్రదించదు. పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా తన రూలు పుస్తకం ప్రకారమే ఫైలు నడిపే పాత గుమాస్తా లాంటిది అది. ఆ రూళ్లు నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరైనవే కాబట్టి మనకు రోజు గడుస్తోంది.

వినికిడి కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1976లో బ్రిటన్‌లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు ఒక వింతను ప్రచురించారు. మనిషి నోరు 'గ' అంటున్నట్టు కదులుతుండగా 'బ' అనే ధ్వనిని జతచేసి వినిపిస్తే, ఎక్కువమందికి 'ద' వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ 'బ'. తెరిస్తే 'ద'. ఆ వీడియో తయారుచేసినవాళ్లకే అలా వినిపిస్తుంది. పెదాలు కలవకుండా 'బ' పుట్టదన్న రూలు చెవి మీద కూడా చెల్లుతోందన్నమాట.

మరి ఈ రూళ్లు నేర్చుకుంటే వచ్చినవా, పుట్టుకతో వచ్చినవా? దీనికి మన దేశం నుంచే ఒక చక్కని సాక్ష్యం వచ్చింది. పుట్టుకతో శుక్లాలుండి చూపులేని పిల్లలకు శస్త్రచికిత్స చేయించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను శాస్త్రవేత్త పవన్ సిన్హా నడుపుతున్నారు. 2011లో ఆయన బృందం, అప్పుడే చూపు వచ్చిన పిల్లలు చేత్తో తడిమిన వస్తువును కంటితో వెంటనే గుర్తుపట్టలేకపోతున్నారనీ, కొద్దిరోజుల్లోనే గుర్తుపట్టగలుగుతున్నారనీ చూపించింది. 2015లో అదే బృందం మరో సంగతి బయటపెట్టింది. సమానమైన రెండు గీతలు బాణపు కొనల వల్ల పొట్టిగా, పొడుగ్గా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ, చూపు వచ్చీ రాగానే ఆ పిల్లల్లోనూ కనిపించింది. చిప్పలో వెండి చూడాలంటే ముందు వెండి తెలియాలి. ఈ గీతల్లో మోసపోవడానికి ముందు ఏదీ చూసి ఉండనక్కరలేదు. నేను మొదట చెప్పిన రెండు రకాలకూ ఇంతకంటే మంచి సరిహద్దు నాకు దొరకలేదు.

అలాగని ఈ గుమాస్తా ఎన్నటికీ మారనివాడని కాదు. విశాఖ స్టేషన్‌లో ఇంజిన్ మారేదాకా కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, పక్క పట్టాల మీది బండి కదిలితే మన బండే కదిలినట్టు ఉంటుంది. లోచెవిలోని సమతౌల్య అవయవాలు వేగంలో మార్పునే పట్టగలవు. మెల్లగా మొదలయ్యే కదలిక వాటికి అందదు కనుక మెదడు కంటి మాటే నమ్ముతుంది. మన బండి ఆగే ఉందని మనసులో ఎంత చెప్పుకున్నా ఆ కదలిక ఆగదు. రెండోవైపు తిరిగి ప్లాట్‌ఫారం స్తంభాన్ని చూస్తే తక్షణం ఆగిపోతుంది. ఇంద్రియం మాట ఇంద్రియమే వింటుంది.

అలవాటు కూడా పనిచేస్తుంది. రోజుల తరబడి సముద్రం మీద ఉండి వచ్చినవాళ్లకు ఒడ్డు మీద నేల ఊగుతున్నట్టుంటుంది. అలల ఊపును రద్దు చేయడం నేర్చుకున్న మెదడు, ఊపు ఆగాక కూడా కొంతసేపు దాన్ని రద్దు చేస్తూనే ఉంటుంది. అమెరికాలో జార్జ్ స్ట్రాటన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1890లలో లోకాన్ని తలకిందులు చేసే కటకాన్ని ఒక కంటికి పెట్టుకుని, రెండో కన్ను మూసి, ఎనిమిది రోజులు గడిపాడు. మొదట్లో ఏది అందుకోబోయినా చేయి తప్పేది. చివరికి తడబాటు లేకుండా తిరగగలిగాడు. వాదన వల్ల రాని మార్పు, చేతులూ కాళ్లూ వాడగా వాడగా వచ్చింది.

కారం గురించి కూడా చెప్పకుండా వదలలేను, బీచ్‌కు వెళ్లి మిరపకాయ బజ్జీ తినకుండా వచ్చేవాళ్లు మనలో తక్కువ. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకానికే మిరపలోని క్యాప్సైసిన్ అతుక్కుంటుంది. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. బజ్జీ చల్లారినా మంట ఆగకపోవడానికి కారణం అదే. పక్షుల్లో ఆ గ్రాహకం దీనికి స్పందించదు కాబట్టి చిలకలు హాయిగా తింటాయి.

రెండో రకం భ్రమతో రోజూ పనిచేసేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. నౌకాదళ విమాన స్థావరమైన ఐఎన్ఎస్ డేగా మీదుగా వచ్చే విమానాల్లో, వర్షాకాలపు మబ్బులో కూర్చున్న పైలట్‌కు బయట నేలా కనిపించదు, క్షితిజమూ కనిపించదు. విమానం ఒకే తీరున మలుపు తిరుగుతూ ఉంటే లోచెవిలోని ద్రవం ఇరవై సెకన్లలోపే ఆ వేగాన్ని అందుకుంటుంది, దాంతో మలుపే లేనట్టు అనిపిస్తుంది. విమానాన్ని సరిచేయగానే, రెండోవైపుకు తిరిగిపోతున్నట్టు ఒళ్లంతా చెబుతుంది. ఆ మాట నమ్మి మళ్లీ వంచినందువల్ల జరిగిన ప్రమాదాలు విమానయాన చరిత్రలో చాలా ఉన్నాయి. శిక్షణ పొందిన పైలట్‌కూ ఆ అనుభూతి తప్పదు. కుర్చీ పక్కకు ఒరిగిపోతున్నట్టు ఉన్నా, ఎదుట ఉన్న పరికరం సమంగా ఉందని చూపిస్తున్నంతసేపు చేతిని కదపకుండా ఉంచడమే వారు సాధన చేసి నేర్చుకునేది. ఇక మీ ప్రశ్నలు వింటాను.