పంచాయతీ అంత దేశానికి పాఠం చెప్పబోయి

అందరికీ నమస్కారం.

చిన్న ద్వీప దేశాలకు సాయం, నాయకత్వ శిక్షణ గురించి మాట్లాడమన్నారు. అన్ని దేశాలనూ చుట్టిరావడం నా వల్ల కాదు. తువాలు గురించి చెబుతాను. పాతికేళ్ల మాస్టారుగిరీలో నా తప్పు నాకు చూపించింది ఆ దేశమే.

ఫిజీకి ఉత్తరాన పసిఫిక్‌లో తొమ్మిది దీవులు. నేలంతా కలిపితే 26 చదరపు కిలోమీటర్లు, జనం దాదాపు 11 వేలు. మన దగ్గర ఒక మేజర్ పంచాయతీ సర్పంచ్ చూసుకునే జనం అది. కాకపోతే మన సర్పంచ్‌కి విదేశాంగ శాఖ ఉండదు, ఐక్యరాజ్య సమితిలో ఓటుండదు. వాళ్లకి రెండూ ఉన్నాయి. 1978లో స్వాతంత్ర్యం వస్తే, 2000లో సమితి సభ్యత్వం వచ్చింది.

మన ప్రభుత్వం 1964 నుంచి ఐటెక్ పేరుతో ఇలాంటి దేశాల ఉద్యోగులను పిలిచి శిక్షణ ఇస్తోంది. విమానం టికెట్, బస, చేతి ఖర్చు అన్నీ మనమే పెట్టుకుంటాం. హైదరాబాద్‌లోనూ ఈ కోర్సులు జరుగుతాయి. అలాంటి ఒక సంస్థలోనే నేను పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక బ్యాచ్‌లో తువాలు నుంచి ఒకాయన వచ్చారు. టీ బ్రేక్ ఇస్తే చాలు, కప్పు గోడ మీద పెట్టేసి ఫోన్ పట్టుకుని వరండా చివరికి వెళ్లిపోయేవారు. ఇంటి మీద బెంగేమో అనుకున్నాను. ఒకరోజు అడిగితే చెప్పారు: “మా సెక్షన్‌లో ఇద్దరమే సార్. రెండో అతను మీటింగ్‌కని ఫిజీ రాజధాని సువా వెళ్లాడు. బీరువా తాళం నాతో ఇక్కడికి వచ్చేసింది.”

ఆ మధ్యాహ్నం నా క్లాసు ఏమిటనుకున్నారు? జిల్లా, డివిజన్, మండలం స్థాయి అధికారుల మధ్య సమన్వయం. బోర్డు మీద పెద్ద చార్టు గీశాను. ఆయన బుద్ధిగా స్కేలు పెట్టి మరీ నోటుబుక్‌లో ఎక్కించుకున్నారు. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన్ని పిలిచి మనం ఉపకారం చేశామా, ఒక ఆఫీసు మూయించామా? సాయం చేసే ప్రతి దేశానికీ ఒక బృందం, ఒక ఫారం, ఒక రిపోర్టు ఉంటాయి. పెద్ద దేశంలో ఇరవై మంది పంచుకునే ఆ పని అక్కడ ఒక్కరి నెత్తిన పడుతుంది. పైగా శిక్షణకు రమ్మని పిలుపు వస్తే వెళ్లేదీ ఆ ఒక్కరే.

అక్కడ చేతినిండా పని లేక కాదు. నీళ్ల సంగతే తీసుకోండి. ఏరు లేదు, చెరువు లేదు. రేకుల కప్పు మీద పడ్డ వాన గట్టర్‌లోంచి ట్యాంకులోకి దిగితే అవే తాగే నీళ్లు. 2011లో నెలల తరబడి వాన పడలేదు. అత్యవసర పరిస్థితి ప్రకటించి, రాజధాని ఫునాఫుటిలో ఇంటికి రోజుకి రెండు బకెట్ల చొప్పున కొలిచి పోశారు. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి వచ్చాయి. యంత్రం విమానంలో వస్తుంది సరే, ఆరు నెలల తర్వాత దాని పంపు ఆగిపోతే విప్పేది ఎవరు? నన్నడిగితే గట్టర్ శుభ్రంగా ఉంచే మనిషికీ, పంపు విప్పే మనిషికీ ఇచ్చేదే ముందు ఇవ్వాల్సిన శిక్షణ. నాయకత్వం అంటే మనకి సూటు, మైకు గుర్తొస్తాయి, అదీ చిక్కు.

నాయకత్వం అక్కడ లేదా అంటే, డబ్బు విషయంలో వాళ్లు చేసింది చూడండి. కొత్తలో దెబ్బ తిన్నారు. ప్రభుత్వ సొమ్ము తీసుకెళ్లి అమెరికాలో టెక్సస్ భూముల వ్యవహారంలో పెట్టారని పెద్ద గొడవైంది. 1981లో మొదటి ప్రధాని పదవి పోయింది. తర్వాత వచ్చిన తోమాసి పువాపువా వృత్తిరీత్యా డాక్టరు. ఆయన హయాంలోనే, 1987లో తువాలు ట్రస్ట్ ఫండ్ పెట్టారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డబ్బు వేశాయి, తువాలు తన వాటా తాను వేసింది. మొదట్లో సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. అసలు సొమ్ము ముట్టుకోకూడదు. ధరలు పెరిగిన మేరకు అసలూ పెరగాలి. ఆ పైన మిగిలిందే రెండో ఖాతాలో పడుతుంది. బడ్జెట్‌లో లోటు వస్తే దాంట్లోంచి తీసుకుంటారు. మార్కెట్ బాగోని ఏడాది కొత్తగా ఏమీ రాదు, పాత మిగులుతో నెట్టుకురావాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గర పెట్టే పట్టుదలే ఇది, దేశం పేరున. అదే పసిఫిక్‌లోని మరో చిన్న ద్వీప దేశం నౌరు, ఎరువులకు వాడే ఫాస్ఫేట్ తవ్వి అంతకంటే ఎన్నో రెట్లు సంపాదించింది. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల మేడ కట్టి, అప్పులపాలై, 2004లో దాన్ని అమ్ముకుంది. మేనేజ్‌మెంట్ క్లాసులో ఈ రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి చెప్పాల్సింది. నేను చార్టు గీశాను.

దగ్గర్లోనే నేర్చుకునే చోటూ ఉంది. సువా కేంద్రంగా 1968లో మొదలైన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం 12 దేశాల ఉమ్మడి సొత్తు, అందులో తువాలు కూడా ఒకటి. విమానం ఎక్కకుండా దీవుల్లోనే ఉండి చదువుకునేలా దూరవిద్య నడుపుతుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు ఉన్న ఫిజీలోనే అది ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కోర్సు చివరి రోజు ఆయన్ని అడిగాను, మీకు పనికొచ్చే శిక్షణ ఎలా ఉండాలని. “మీలో ఒకరు వచ్చి నెల రోజులు నా కుర్చీ పక్కన కూర్చోండి. వీలైతే నా కుర్చీలోనే కూర్చోండి, నేను సెలవు పెడతాను” అన్నారు.

అదే రాసి ప్రతిపాదన పంపాను. మూడు వారాలకి ఫైలు తిరిగొచ్చింది. పైన పెన్సిల్‌తో ఒకటే వాక్యం: కోర్సుకు కనీసం ఇరవై మంది అభ్యర్థులు ఉండవలెను.