కిర్రుమనని తలుపు

వదిన: శ్రోతలందరికీ నమస్కారం. ఇంగ్లండులో రాజు మతిస్థిమితం తప్పగా ఆయన కొడుకే 1811 నుంచి 1820 వరకు రాజప్రతినిధిగా పాలించిన రీజెన్సీ కాలంలో, పదిమంది ఉన్న ఇంట్లో హాస్య ప్రేమకథను ఎలా నడపాలో ఈ రోజు మాట్లాడతామని పోయిన వారం మాట ఇచ్చాం. కొవ్వొత్తుల జోలికి వెళ్లనని మరిదిగారు కూడా మాట ఇచ్చారు.

మరిది: నేను మాట ఇచ్చింది నెయ్యి గిన్నె విషయంలో మాత్రమే, వదినా.

వదిన: సరే. అలాంటి ఇంట్లో ప్రేమకు మొదటి శత్రువు తండ్రి కాదు, తపాలా అని నా వాదన. పంపేవారే ముందుగా ఒక పెన్నీ కట్టే పెన్నీ తపాలా 1840లో వచ్చేవరకు ఉత్తరం ఖర్చును సాధారణంగా అందుకున్నవారే భరించేవారు. కాబట్టి పంతొమ్మిదేళ్ల పిల్లకు ఉత్తరం వస్తే తండ్రి జేబులోంచి చిల్లర తీయాలి, తల్లి దస్తూరీ ఎవరిదో పోల్చుకోవాలి, చెల్లెళ్లు ఆ పేరు చెప్పమని పీడించాలి. నిశ్చితార్థం కాని యువతీయువకులు ఉత్తరాలు రాసుకోవడం మర్యాద కాదు గనుక, దాని లక్క ముద్ర విప్పకముందే ఇంటిల్లిపాదీ పెళ్లి ఖాయం చేసేస్తారు.

మరిది: నేను ఒప్పుకోను. పార్లమెంటు సభ్యులు పంపే ఉత్తరాలకు రుసుము లేదు. కథానాయకుడికి సభ్యుడైన మేనమామ ఒకడుంటే మీ హాస్యం అక్కడితో సరి.

వదిన: అక్కడే మొదలవుతుంది! ఆ సౌకర్యం కావాలంటే పైన చిరునామా సభ్యుడే స్వహస్తాలతో రాయాలి. లోపల కుర్రవాడి ప్రేమ, పైన ముసలాయన దస్తూరీ. పిల్ల మీద ఆ ముసలాయనే మనసుపడ్డాడని తల్లి సంబరపడి, ఆయనను భోజనానికి పిలుస్తుంది.

మరిది: ఒప్పుకున్నాను. మరి ఆ ఉత్తరాన్ని ఆమె ఎక్కడ చదువుతుంది? చెల్లెలితో పంచుకునే గదిలో, పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తి వెలుగులో...

వదిన: వచ్చేశారు.

మరిది: అది పొగ చిమ్ముతుంది, కంపు కొడుతుంది, మాటిమాటికీ వత్తి కత్తిరించాలి. తేనెమైనపు కొవ్వొత్తి చాలా ఖరీదు, పైగా 1831 వరకు కొవ్వొత్తుల మీద పన్ను ఉండేది. ప్రేమలేఖను నాలుగోసారి చదివితే, ఆ సంగతి మర్నాడు మిగిలిన కొవ్వొత్తి పొడవు చూసిన ఇంటావిడకు తెలిసిపోతుంది.

వదిన: మీరన్నది బాగానే ఉంది, అదే నాకు కోపం. పెద్దల అనుమతి లేకుండా పెళ్లాడటానికి స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పారిపోవడం గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళదాం. చిన్నవయసువారి పెళ్లికి పెద్దల అనుమతి అడిగే 1753 వివాహ చట్టం స్కాట్లండుకు వర్తించలేదు, ఆ ఊరు సరిహద్దు దాటగానే ఉంది, అంతే.

మరిది: ఈ ఎపిసోడ్‌కు పెట్టిన పేరే అది కదా!

వదిన: దారంతా ఇద్దరే ఉండే బండిలో ఇరుకింటి హాస్యం ఎక్కడుంటుంది? చాటన్ అనే ఊళ్లో తల్లి, అక్క, స్నేహితురాలితో కలిసి ఉంటూ రాసుకున్న ఆ కాలపు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్, కిర్రుమనే తలుపును బాగు చేయనివ్వలేదని ఆమె మేనల్లుడు రాశాడు. ఎవరైనా వస్తుంటే ఆ చప్పుడుకు కాగితాలు దాచుకునేదట. నాకు ఆ చప్పుడు మీద అసూయగా ఉంది.

మరిది: మీ గది తలుపుకు పోయిన నెలే నూనె వేశాను కదా, వదినా.

వదిన: అవును, మీరే వేశారు. అదే చెబుతున్నాను.

మరిది: ...అయితే, ఆ తలుపు దగ్గర కొవ్వొత్తి ఏ రకానిదో...

వదిన: ఆపండి. అత్తయ్యగారు వెనకే నిలబడి వింటున్నారు. ఎప్పుడు వచ్చారో.