సమ్మేళనం నుంచి మన ఊరికి తెచ్చుకోవాల్సింది

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విజయనగరంలో తోటి ఫొటోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకి, తోటి ఫొటోగ్రాఫర్లకి, వీడియో తీసేవాళ్లకి, ఆల్బమ్‌లు డిజైన్ చేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నమస్కారం.

ఇవాళ ఆగస్టు 19. ఈ తేదీ ఎలా వచ్చిందో ముందు చెబుతాను, నా మాటలకి మూలం అక్కడే ఉంది. 1839లో ఇదే రోజున పారిస్‌లో సభ పెట్టి, డాగేర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని పూర్తిగా బయటపెట్టారు. వెండి పూసిన రాగి రేకు మీద అయోడిన్ ఆవిరి ఎలా పట్టించాలి, పాదరసం ఆవిరితో బొమ్మని ఎలా తేల్చాలి, అంతా విప్పి చెప్పారు. ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకి జీవితాంతం పింఛను ఇచ్చి ఆ విద్యని జనానికి వదిలిపెట్టింది. ఒక పనిలోని రహస్యాన్ని నలుగురి ముందు విప్పిన రోజుని మనం పండగ చేసుకుంటున్నాం.

మన దగ్గర అలవాటు దీనికి తిరగబడి ఉంటుంది. డార్క్‌రూమ్ (ఫిల్ము కడిగే చీకటి గది) తలుపు వేసుకుని కెమికల్ కలుపుకున్న పాతతరం వాళ్లు మనందరికీ తెలుసు. కుర్రాడికి పని చెప్పేస్తే రేపు ఎదురుగా షాపు పెడతాడన్న భయం వాళ్లది. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ దానివల్ల మన జిల్లాలో పని తెలిసినవాళ్లు వెళ్లిపోతుంటే వాళ్ల పని కూడా వాళ్లతోనే పోతోంది. నాకు దిగులు అక్కడే.

ఈమధ్య హైదరాబాద్‌లో జరిగిన ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్ల సమ్మేళనానికి వెళ్లొచ్చాను. స్టాళ్ల గురించి పెద్దగా చెప్పను. కొత్త కెమెరాలు, డ్రోన్లు, ఆల్బమ్ కాగితాలు, ఆఫర్లు అన్నీ ఉన్నాయి. మనవాళ్లలో చాలామంది స్టాళ్లు తిరిగి, బ్యాగు నింపుకుని సాయంత్రం బండెక్కేశారు. పక్క హాళ్లలో జరిగిన క్లాసులకి కుర్చీలు ఖాళీగా మిగిలాయి. అది చూసి బాధేసింది.

ఒక క్లాసులో పెళ్లిళ్లు తీసే ఒక మేడమ్‌గారు ఒకే ఒక్క సాఫ్ట్‌బాక్సుతో, అంటే వెలుగుని మెత్తబరిచే తెర ఉన్న లైటుతో, గంటన్నర చెప్పారు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని నిలబెట్టి, లైటుని నాలుగు అడుగుల దూరంలో పెట్టి ఒక ఫొటో తీశారు. తర్వాత ఎనిమిది అడుగులకి జరిపారు. దూరం రెండింతలైతే వెలుగు సగానికి తగ్గుతుందనుకుంటాం. నిజానికి నాలుగో వంతే మిగులుతుంది, అంటే రెండు స్టాపులు పడిపోతుంది (వెలుగు సగమైతే ఒక స్టాపు). ఈ లెక్క పుస్తకాల్లో ఉన్నదే. ఆవిడ దాన్ని పెళ్లి గ్రూపు ఫొటోకి ముడిపెట్టి చూపించారు. పది మందిని వరసగా నిలబెట్టి, లైటు ఓ పక్కన దగ్గరగా పెడితే, ఆ పక్క మేనత్తగారి మొహం తెల్లగా కాలిపోతుంది, ఆ చివర తాతగారు చీకట్లో ఉండిపోతారు. లైటుని వీలైనంత వెనక్కి జరిపి పవర్ పెంచితే ఇద్దరికీ వెలుగు దాదాపు సమానంగా పడుతుంది. ఒక్కరినే తీసేటప్పుడు మాత్రం దగ్గరికి తెచ్చుకోవాలి. అప్పుడు నీడల అంచులు మెత్తబడతాయి, వెనకున్న గోడ తనంతట తానే చీకటైపోతుంది.

లైట్ల మినుకు వల్ల ఫొటోల్లో పడే చారల సంగతి కూడా అక్కడ తేలిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షటర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెడితే చారలు చాలావరకు పోతాయి. స్టేజీ మీద ఎల్‌ఈడీ తెరలకి ఈ లెక్క పనిచేయదు, వాటి వేగం వేరు. అక్కడ షటర్‌ని కొద్దికొద్దిగా మార్చి చూసుకోవాల్సిందే.

నన్ను కదిలించింది మాత్రం పోర్ట్‌ఫోలియో, అంటే మనం ఏరి పెట్టుకున్న ఫొటోలు, చూసే గది. ఒక చిన్న బల్ల. ఒక పక్క సీనియర్, ఇంకో పక్క చిన్న ఊరి నుంచి వచ్చిన కుర్రాడు, చుట్టూ నిలబడ్డ మేము. కుర్రాడు తలంబ్రాల ఫొటో ముందుకి జరిపాడు. బియ్యం గాల్లో ఉన్నాయి, పెళ్లికూతురు నవ్వుతోంది, చాలా బాగుంది. సీనియర్ ఏమీ అనకుండా ఫొటో కుడి మూల మీద అరచెయ్యి పెట్టారు. ఆ మూలలో వీడియో లైటు స్టాండు ఉంది. చెయ్యి అడ్డం పెట్టగానే చూపు నేరుగా అమ్మాయి నవ్వు మీదకి వెళ్లింది. చెయ్యి తీస్తే మళ్లీ స్టాండు మీదకే పోతోంది. అలా రెండుసార్లు చేశారంతే. ఆ కుర్రాడికి ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

తర్వాత ఆయన, కుర్రాడు పక్కన పడేసిన ప్రింట్లు అడిగి తీసుకున్నారు. అందులో అప్పగింతల ఫొటో ఒకటి. మొహాలు లేవు. పాలల్లో ముంచిన కూతురి చేతులు, వాటిని పట్టుకున్న తండ్రి చేతులు, మోచేతి దాకా కారుతున్న పాలు. "మొహాలు రాలేదని తీసేశాను సార్" అన్నాడు కుర్రాడు. ఆల్బమ్‌లో దీనికి పేజీ మొత్తం ఇవ్వమన్నారాయన. మనం పెళ్లికి వేల ఫొటోలు తీస్తున్నాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో పక్కన కూర్చుని చెప్పే మనిషి మనలో ఎవరికి ఉన్నాడు?

చట్టం గురించి కూడా ఒక గంట చెప్పారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి అడ్వాన్సు తీసుకునే కాగితం మీదే, ఆ ఫొటోలు శాంపిల్‌గా వాడుకుంటామని ఒక ముక్క రాసి సంతకం తీసుకోండి.

ఇక మన ఊరికి వస్తాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మనలో కెమెరా పట్టనివాడు ఉండడు. అంత ఎత్తున మాను చివర కూర్చున్న పూజారిగారి వెనక మధ్యాహ్నం ఎండతో వెలిగే ఆకాశం ఉంటుంది. కెమెరాకి వదిలేస్తే అది ఆకాశాన్ని చూసి లెక్క కడుతుంది, ఆయన నల్లటి నీడలా వస్తారు. దీన్ని చక్కగా పట్టినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఎక్కడ నిలబడ్డారు, మీటరింగు (వెలుగు కొలత) ఎక్కడ పెట్టారు, ఎన్ని స్టాపులు పెంచారు? పక్కవాడికి తెలియదు. అడిగితే చెబుతారో లేదో అని అడగడు కూడా.

సమ్మేళనానికి అందరూ వెళ్లలేరు. రానుపోను ఖర్చుంది, రోజుల తరబడి షాపు మూసుకోవాలి. ముహూర్తాల్లో అసలు కుదరదు. కానీ ఆ బల్ల, ఆ రెండు కుర్చీలు మనకీ ఉన్నాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ పని లేదని కూర్చునే రోజులూ ఉన్నాయి.

అందుకని ఒక మాట అడుగుతున్నాను. సిరిమాను అయిన తర్వాత వచ్చే ఆదివారం సాయంత్రం ఇదే హాల్లో కలుద్దాం. ప్రతి ఒక్కరూ తాము తీసిన సిరిమాను ఫొటోలు ఐదు ప్రింట్లు వేయించి తీసుకురండి. ఫోన్లో చూపిస్తే కుదరదు, చేత్తో పట్టుకుని చూడాలి. చిన్న సైజు చాలు. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లని కూడా వెంటపెట్టుకు రండి, వాళ్లు తీసినవీ బల్ల మీద పెట్టండి. షరతు ఒక్కటే: ఎలా తీశావని ఎవరు అడిగినా చెప్పాలి. వచ్చేవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి.