డ్రాపర్ మూతను ఫ్రీక్యాడ్‌లో గీయడం: చుక్కతో మొదలుపెట్టి మర దాకా

నమస్కారం. 30 మిల్లీలీటర్ల గాజు సీసాకు సరిపోయే డ్రాపర్ మూతను ఈ వీడియోలో ఫ్రీక్యాడ్ అనే ఉచిత త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా గీద్దాం. ఇప్పుడు తెరపై కనిపిస్తున్నది పూర్తయిన నమూనా. దీన్ని నిలువుగా కోసి చూపిస్తున్నాను, గమనించండి. పైన రబ్బరు బల్బు ఉంది, మధ్యలో మరలున్న ప్లాస్టిక్ మూత ఉంది, కింద గాజు గొట్టం ఉంది. ఉన్నవి మూడే భాగాలు, కానీ వీటిలో ఒకదాని కొలత మారితే మిగిలిన రెండూ మారక తప్పదు. అందుకే మూతను విడిగా గీసి, తర్వాత దానికి తగిన బల్బు కోసం వెతకడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

సాధారణంగా అందరూ మరలతో మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి ముందు కనిపించేది అదే. మనం చుక్కతో మొదలుపెడదాం. ఈ వస్తువు ఉన్నదే చుక్కను సరిగా వేయడానికి. పసిపిల్లల నోట్లో మందు వేసేవారు, కంట్లో చుక్కలు వేసేవారు ఆ చుక్క ప్రతిసారీ ఒకే పరిమాణంలో పడుతుందని నమ్మి వేస్తారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత గీసేవారిదే.

తెరపై గొట్టం మొనను పెద్దది చేస్తున్నాను. మొన బయటి వ్యాసం 3 మి.మీ. ఈ అంకె నేను ఊహించి పెట్టింది కాదు. అమెరికా ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల గ్రంథంలో, మందుల డ్రాపర్‌కు నిర్వచనం ఉంది: మొన బయటి వ్యాసం సుమారు 3 మి.మీ. ఉండాలి, నిటారుగా పట్టుకుని నీటిని వదిలితే ఒక్కో చుక్క 45 నుంచి 55 మిల్లీగ్రాముల మధ్య తూగాలి. యూరోపియన్ ఫార్మకోపియా కూడా 20 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర 20 నీటి చుక్కలు ఒక గ్రాము తూగాలనీ, తేడా 0.05 గ్రాములు దాటకూడదనీ చెబుతుంది. మనకు బాగా తెలిసిన పోలియో చుక్కల లెక్క కూడా దీనికి సరిపోతుంది. అక్కడ రెండు చుక్కలు ఒక మోతాదు, అంటే 0.1 మిల్లీలీటరు. ఆ సీసాకు ఉండేది రబ్బరు బల్బు కాదు, ప్లాస్టిక్ మొన, అయినా చుక్క లెక్క మాత్రం అదే.

3 మి.మీ. అనేది బయటి వ్యాసమని మళ్లీ చెబుతున్నాను. లోపలి రంధ్రం వ్యాసం కాదు. నీరు గాజును తడుపుతుంది కాబట్టి మొన దగ్గర అది బయటి అంచు వరకు పరుచుకుని, ఆ అంచును పట్టుకునే వేలాడుతుంది. చుక్క బరువు ఆ అంచు చుట్టుకొలత మీద, ద్రవం తలతన్యత (దాని ఉపరితలాన్ని బిగుతుగా పట్టి ఉంచే బలం) మీద ఆధారపడుతుందని థామస్ టేట్ 1864లో చెప్పాడు. లెక్క వేసి చూద్దాం. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, అంచు వ్యాసం 3 మి.మీ. కాబట్టి దాని చుట్టుకొలత సుమారు 9.42 మి.మీ., ఈ రెంటినీ గుణించి గురుత్వ త్వరణం 9.8తో భాగిస్తే 69 మిల్లీగ్రాములు వస్తుంది. అయితే చుక్క తెగి పడేటప్పుడు కొంత ద్రవం మొనకే అంటుకుని ఉండిపోతుంది, పడేది దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే. అలా 46 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది, ఫార్మకోపియా చెప్పిన హద్దుల్లోనే ఉంది.

మరి ఇదే డ్రాపర్‌తో నూనె వేస్తే? వంటనూనెల తలతన్యత నీటి దానిలో సగం కంటే తక్కువ, అందువల్ల నూనె చుక్క కూడా సగం కంటే చిన్నదిగా పడుతుంది. ఒక మిల్లీలీటరుకు నీరు 20 చుక్కలైతే, నూనె దాదాపు 45 చుక్కల వరకు వస్తుంది. కాబట్టి మీ సీసాలో పోసేది ఏ ద్రవమో తెలియకుండా లేబుల్ మీద చుక్కల సంఖ్య రాయకండి. మోతాదు ముఖ్యమైన చోట గాజు గొట్టం మీద మిల్లీలీటర్ల గీతలు వేయించడమే మేలు.

ఇక ఫ్రీక్యాడ్‌లోకి వెళదాం. కొత్త డాక్యుమెంట్ తెరిచాను, స్ప్రెడ్‌షీట్ వర్క్‌బెంచ్‌కు (ఒక్కో పనికి తగిన పనిముట్లు ఉండే విభాగాన్ని వర్క్‌బెంచ్ అంటారు) వెళ్లాను, కొలతలన్నీ ఒక్కొక్క గడిలో రాసి ప్రతి గడికీ ఒక పేరు పెట్టాను. ఇది త్వరగా చేసేస్తున్నాను, తెరపై చూస్తూ ఉండండి. స్కెచ్‌లో కొలత పెట్టేటప్పుడు అంకె రాయకుండా సమానం గుర్తు నొక్కితే సూత్రం రాసే పెట్టె తెరుచుకుంటుంది, అక్కడ ఆ పేరు ఇస్తే చాలు. నేను ఏ కొలతనూ నేరుగా స్కెచ్‌లో రాయను. రేపు బల్బు మారితే స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడి మారుస్తాను, మూత దానంతట అదే సర్దుకుంటుంది.

గొట్టం కొలతలు ఇవి: బయటి వ్యాసం 7 మి.మీ. (మొన దగ్గర మాత్రం సన్నబడి 3 మి.మీ.), లోపలి వ్యాసం 5 మి.మీ., పొడవు 65 మి.మీ. పొడవు మీ సీసాను బట్టి మారుతుంది, మొన సీసా అడుగుకు 2 నుంచి 3 మి.మీ. పైన ఆగితే సరిపోతుంది. స్కెచ్ గీసి, రివల్యూషన్‌తో తిప్పాను, గొట్టం వచ్చేసింది.

తర్వాత బల్బు. లోపలి ఖాళీ 9 మి.మీ. వ్యాసం, 22 మి.మీ. పొడవు, అంటే సుమారు 1.4 మిల్లీలీటర్లు. రెండు వేళ్లతో నొక్కినప్పుడు గాలి మొత్తం పోదు, మూడింట రెండు వంతులు పోతుందనుకుంటే 0.9 మిల్లీలీటరు ద్రవం పైకి వస్తుంది. గొట్టం లోపల పట్టేది దాదాపు 1.28 మిల్లీలీటర్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. గొట్టంలో పట్టేది ఎప్పుడూ బల్బు లాగేదాని కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ద్రవం రబ్బరులోకి ఎక్కుతుంది. మందైనా సుగంధ తైలమైనా రబ్బరును తాకుతూ ఉండిపోవడం మంచిది కాదు. సహజ రబ్బరు నూనెల్లో ఉబ్బుతుంది, నూనెలకు నైట్రైల్ రబ్బరు నయం. సిలికోన్ చాలా చోట్ల బాగానే పనిచేస్తుంది కానీ త్వరగా ఆవిరయ్యే ద్రవాల ఆవిరిని మెల్లగా బయటకు పోనిస్తుంది.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. ఇక్కడ వేగం తగ్గిస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ నమూనాలు విఫలమయ్యేది ఇక్కడే. మూత పైభాగంలో బల్బు మెడ దూరే రంధ్రం ఉంది కదా, దాని వ్యాసం ఎంత ఉండాలి?

కోత చిత్రాన్ని మళ్లీ తెస్తున్నాను. బల్బు మెడ బయటి వ్యాసం 9.4 మి.మీ., లోపలి రంధ్రం 6.2 మి.మీ. వెర్నియర్‌తో బల్బును కొలిచి, 9.4 వచ్చింది కాబట్టి కొంచెం వదులిచ్చి మూత రంధ్రాన్ని 10 పెడదామనిపిస్తుంది. అలా పెడితే బిగింపు ఉండదు, సీసా తెరిచినప్పుడు గాజు గొట్టం జారి ద్రవంలో పడిపోయే ప్రమాదం ఉంటుంది. కారణం ఏమిటంటే, మనం కొలిచింది గొట్టం లేనప్పటి బల్బును. 6.2 మి.మీ. రంధ్రంలోకి 7 మి.మీ. గొట్టం దూరగానే రబ్బరు బయటకు ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందో లెక్క కట్టవచ్చు, ఎందుకంటే రబ్బరు సాగుతుంది, వంగుతుంది కానీ దాని ఘనపరిమాణం దాదాపు మారదు. మెడ పొడవు మారదనుకుంటే అడ్డుకోత వైశాల్యం కూడా మారదు. 9.4 వర్గంలోంచి 6.2 వర్గాన్ని తీసివేస్తే 49.92. దానికి 7 వర్గం, అంటే 49 కలిపితే 98.92. దాని వర్గమూలం 9.95. ఈ సూత్రాన్నే స్ప్రెడ్‌షీట్‌లో రాశాను, చూడండి, ఆ గడిలో 9.95 కనిపిస్తోంది.

అంటే గొట్టం లేనప్పుడు మెడ 9.4, గొట్టం ఉన్నప్పుడు స్వేచ్ఛగా వదిలితే 9.95. మూత రంధ్రం ఈ రెంటి మధ్య ఉండాలి, నేను 9.7 ఎంచుకున్నాను. గొట్టం లేని బల్బు మెడ 9.7 రంధ్రంలో సులువుగా కూర్చుంటుంది. తర్వాత గొట్టాన్ని కింది నుంచి నెట్టగానే రబ్బరు 9.95 వరకు పోవాలని చూస్తుంది, మూత 9.7 దగ్గర ఆపేస్తుంది, ఆ ఒత్తిడే గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ జిగురు అక్కర్లేదు, కొక్కెం అక్కర్లేదు. బిగించే వరుస కూడా దీన్నుంచే తేలిపోతుంది: ముందు బల్బును వేళ్లతో నొక్కి మూత లోపలి నుంచి పైకి లాగాలి, ఆ తర్వాతే గొట్టం. రంధ్రం అంచులకు పైనా కిందా 0.3 మి.మీ. గుండ్రదనం ఇవ్వడం మరవకండి, పదునైన అంచు రబ్బరును కోసేస్తుంది.

బల్బు అడుగున వెడల్పాటి అంచు ఉంది, మందం 1.5 మి.మీ., వ్యాసం 15.8 మి.మీ. మూత బిగించినప్పుడు ఈ అంచే సీసా మూతికీ ప్లాస్టిక్‌కూ మధ్య నలిగి కారకుండా ఆపుతుంది, వేరే వాషర్ ఉండదు. అది 1.1 మి.మీ. వరకు నలగాలని నా లెక్క. అయితే ఆ నలగడానికి మూత కిందికి దిగగలగాలి కదా, అందుకని లోతు చూడాలి.

మన సీసా మెడ 18-400 రకం. ఇందులో 18 అనేది మిల్లీమీటర్లలో నామమాత్రపు వ్యాసం, 400 అనేది ఒకే చుట్టు మరను సూచిస్తుంది. 415 అయితే రెండు చుట్లు, మెడ ఇంకా పొడవు. ఈ 400 మెడ ఎత్తు కనిష్ఠంగా 9.04 మి.మీ. దానికి నలిగిన అంచు మందం 1.1 కలిపితే 10.14. మూత లోపలి లోతు దీనికంటే తక్కువే ఉండాలి, లేకపోతే మూత అంచు సీసా భుజానికి ముందే తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, రబ్బరు మాత్రం నలగదు, సీసా కారుతుంది. నేను 9.5 పెట్టాను.

మూత స్కెచ్ ఇదిగో, సగం ఆకారం మాత్రమే గీసి నిలువు అక్షం చుట్టూ తిప్పుతున్నాను. బయటి వ్యాసం 22, లోపలి వ్యాసం 18.4. సీసా మర బయటి వ్యాసం 17.47 నుంచి 17.88 వరకు ఉండవచ్చు, అందుకే 18.4. మూత మర లోపలి కొసలు 16.3 మి.మీ. వ్యాసం దగ్గర ఆగుతాయి, ఎందుకంటే మరను వదిలేస్తే సీసా మెడ వ్యాసం గరిష్ఠంగా 15.75. ఈ వదులు త్రీడీ ప్రింటర్‌కు తగినట్టు ఇచ్చాను. అచ్చు పోయించేవారు దీన్ని కొంత తగ్గించవచ్చు.

మరకు అడిటివ్ హెలిక్స్ వాడాను, ఒక ఆకారాన్ని స్ప్రింగులా చుట్టూ తిప్పుతూ ఘనరూపానికి చేర్చే పనిముట్టు ఇది. మర ఆకారాన్ని చిన్న ట్రెపీజియంగా గీశాను, అడుగు 1.4, కొస 0.6. ఆ అడుగును గోడలోకి 0.2 మి.మీ. దూర్చాను. గోడకు సరిగ్గా తాకేలా వదిలేస్తే రెండు ఘనరూపాలు కలవవు, ఎర్రటి హెచ్చరిక వస్తుంది. పిచ్ (ఒక చుట్టుకు మర ఎక్కే ఎత్తు) 3.18, అంటే అంగుళానికి 8 చుట్లు. టర్న్స్, అంటే చుట్లు, 1.25. మూత కింది అంచుకు ఒక మిల్లీమీటరు పైన మొదలుపెట్టాను. అంతే, మర సిద్ధం.

ఇప్పుడు వ్యూ మెనూలో క్లిప్పింగ్ ప్లేన్ తెరిచి మొత్తాన్ని కోసి చూడండి. ఈ పనిముట్టు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే విడివిడిగా సరిగ్గా ఉన్న భాగాలు కలిసినప్పుడు ఎక్కడ ఢీకొంటున్నాయో ఇది వెంటనే చూపిస్తుంది. ఏదైనా భాగం అడ్డు వస్తే భాగాల జాబితా ఉండే చెట్టులో దాన్ని ఎంచుకుని స్పేస్‌బార్ నొక్కితే దాగుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. వి, ఆ తర్వాత ఎఫ్ నొక్కితే మొత్తం తెరలో ఇముడుతుంది.

ప్రింటింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. మూతను పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో, పైభాగం ప్రింటర్ బెడ్‌కు ఆనేలా తిప్పి ప్రింట్ చేయండి, అప్పుడు మర కింద ఆధారపు పొరలు (సపోర్ట్‌లు) అక్కర్లేదు. బల్బును ప్రింట్ చేసిన అచ్చులో సిలికోన్ పోసి తయారుచేసుకోవచ్చు. ప్లాటినం రకం సిలికోన్ వాడితే రెజిన్ ప్రింటర్‌తో తీసిన కొత్త అచ్చులో పోయకండి, అచ్చును తాకిన చోట గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. సాధారణ ప్లాస్టిక్ తీగతో ప్రింట్ చేసిన అచ్చుకు ఈ ఇబ్బంది లేదు. ఇది కేవలం పరీక్ష నమూనా అని గుర్తుంచుకోండి. ప్రింట్ చేసిన మూతతో, ఇంట్లో పోసిన బల్బుతో ఎవరికీ మందు వేయకండి. ప్రింట్ పొరల మధ్య సందుల్లో సూక్ష్మజీవులు చేరతాయి, వాటిని శుభ్రం చేయడం సాధ్యం కాదు.

పరీక్షలు మూడు చేయాలి. బల్బును పట్టుకుని గొట్టాన్ని నెమ్మదిగా లాగి చూడండి, జారితే మూత రంధ్రాన్ని 9.7 నుంచి 9.6కు తగ్గించండి. సీసాలో నీరు పోసి, బిగించి, పొడి కాగితం మీద రాత్రంతా పడుకోబెట్టండి, కాగితం తడిస్తే లోతు లెక్కను మళ్లీ చూడండి. చివరగా 0.01 గ్రాము చూపే త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, డ్రాపర్‌ను నిటారుగా పట్టుకుని, 20 చుక్కలు తొందరపడకుండా ఒక్కొక్కటిగా వేయండి. 0.95 నుంచి 1.05 గ్రాముల మధ్య వస్తే మొన సరిగ్గా ఉంది. అంతకంటే ఎక్కువ వస్తే మొన బయటి వ్యాసం పెద్దదైందన్నమాట, స్ప్రెడ్‌షీట్‌లో ఆ గడిని 0.1 మి.మీ. తగ్గించి, కొత్త కొలతతో గొట్టం తయారు చేయించి, అదే త్రాసు మీద మళ్లీ 20 చుక్కలు తూచండి.