ముక్క పరీక్ష వద్దట, స్కాన్ చాలట! ఎవరు చెప్పారు?

సీటీ స్కాన్‌లో జన్యువు కనపడదు. మళ్లీ చెప్తున్నా, కనపడదు! మీ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ఫార్వర్డ్ మీరూ చూసే ఉంటారు. లంగ్ క్యాన్సర్‌కి ఇక ముక్క తీయక్కర్లేదట (అదే, బయాప్సీ), స్కాన్‌ని ఏఐకి ఇస్తే ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్, అంటే ఏ మాత్ర పనిచేస్తుందో చెప్పే జన్యు మార్పు, ఉందో లేదో చెప్పేస్తుందట.

చెప్పేది అంచనా అండీ. గడ్డ ఆకారం, అంచులు, లోపలి మసక, అన్నీ లెక్కగట్టి "ఉండొచ్చు" అంటుంది. ఆ "ఉండొచ్చు"ను నమ్మి ఆ మ్యుటేషన్‌కి ఇచ్చే మాత్ర మొదలుపెడితే ఏమవుతుందో 2009లోనే తేలిపోయింది.

ఐపాస్ ట్రయల్, అంటే అలాంటి మాత్ర జెఫిటినిబ్‌ని కీమోతో పోల్చి చూసిన పరిశోధన. ఆసియా వాళ్లు, ఎడినోకార్సినోమా అనే రకం లంగ్ క్యాన్సర్, సిగరెట్ అలవాటు లేనివాళ్లు, లేదా కొద్దిగా తాగి మానేసినవాళ్లు. మ్యుటేషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువున్న బ్యాచ్ అన్నమాట. అయినా జన్యు ఫలితం తేలిన 437 మందిలో ఉన్నది 261 మందికే! వాళ్లలో జెఫిటినిబ్ మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 71 మందికి గడ్డ తగ్గింది. మ్యుటేషన్ లేనివాళ్లలో? నూటికి ఒక్కరికి. ఒక్కరికి! అదే లేనివాళ్లకు కీమో ఇస్తే నూటికి 23 మందికి తగ్గింది. అంచనా తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, పనిచేసే మందు మొదలుపెట్టాల్సిన నెలలు కూడా.

ఇంకో తమాషా వినండి. 2014లో వెయ్యి మందికి పైగా రోగుల స్కాన్లతో ఒక పేపర్ వచ్చింది. రోగి ఎంతకాలం బతుకుతారో స్కాన్ ఆకృతులే చెప్తాయని పెద్ద పేరు. 2019లో వేరేవాళ్లు అదే పద్ధతిని తిరగేశారు. స్కాన్ బొమ్మలో గడ్డ లోపలి చుక్కలన్నిటినీ కలగాపులగం చేసేసినా ఫలితం దాదాపు అలాగే వచ్చింది! అంటే అంత హంగామా చేసి ప్రధానంగా కొలిచింది గడ్డ సైజునే. స్కేలు పెట్టినా వచ్చేదేగా?

మరి ఈ ఫార్వర్డ్‌కి ఇంత గిరాకీ ఎందుకు? నా థియరీ ఒకటే: భయం. "ముక్క తీస్తే పాకిపోతుంది" అని మన ఇళ్లలో చెప్పని పెద్దమ్మ ఉందా? రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి గేటు బయట, పంజాగుట్ట నిమ్స్ దగ్గర టీ బండి పక్కన నిలబడి వినండి, ఇదే మాట. సూది లేకుండా పని అయిపోతుందంటే ఎవరు కాదంటారు? అమ్మేవాడికి కావాల్సిందీ అదే. ముక్క తీయడానికి వీలు లేకపోతే రక్తంలో వెతికే లిక్విడ్ బయాప్సీ ఉంది, దాని ఊసే ఎత్తరు!

నేను ఏఐకి వ్యతిరేకం కాదు బాబూ. గడ్డలో సూది ఎక్కడ పెట్టాలో, ఎవరి ముక్క ముందు పంపాలో చెప్పమనండి, బ్రహ్మాండం. కానీ స్కాన్ తీసే ఒక్కో పొర (స్లైస్) మందం మారితే ఈ లెక్కలు మారతాయి, మెషీన్ మారితే మారతాయి. పైగా మనవి పాత టీబీ మచ్చలున్న ఊపిరితిత్తులు. టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగాక క్యాన్సర్ అని తేలినవాళ్లు ఎంతమంది లేరు!

కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు సూటి ప్రశ్న. మన హైదరాబాద్ రోగుల మీద పరీక్షించారా? ఏ ఆసుపత్రిలో, ఏ మెషీన్ మీద, ఎంతమందిపై? ఆ కాగితం కామెంట్లలో పెట్టండి, నేనే పిన్ చేస్తా.