కోచింగ్‌లో లోతుకు దిగాలా, దారి మార్చాలా? ముందు ఈ లెక్క తీయండి

[స్క్రీన్: మారతహళ్లి రోడ్డు, ట్రైనింగ్ సెంటర్ల బోర్డులు]

వాయిస్: బెంగళూరులో కెరీర్ కోచింగ్ చేస్తున్న తెలుగువాళ్లకి ఈ మధ్య ఫోన్లో తరచూ వినపడే మాట ఇది. “రెజ్యూమె చాట్‌జీపీటీతో రాయించేసుకున్నా సార్. ఇంటర్వ్యూ ప్రాక్టీసు కూడా దాంతోనే చేస్తున్నా. మీ దగ్గర కొత్తగా ఏముంటుంది?”

2022 నవంబరులో ఆ టూల్ వచ్చాక, రెజ్యూమెలు దిద్దడం మీద నడిచే కోచింగ్‌కి బేరం కష్టమైంది. దాంతో కొందరు లక్షలు పోసి ఇంకో సర్టిఫికెట్ కోర్సులో చేరుతున్నారు. ఇంకొందరు లింక్డిన్ హెడ్‌లైన్‌లో ‘ఏఐ’ తగిలించి కొత్త అవతారం ఎత్తుతున్నారు. రెండూ జబ్బేంటో తెలియకుండా మందు మింగడమే.

[స్క్రీన్: ఎక్సెల్ షీట్, ఐదు గడులు]

గత 12 నెలల లెక్క తీయండి. ఎంతమంది అడిగారు, తొలి కాల్‌కి ఎంతమంది వచ్చారు, ఎంతమంది డబ్బు కట్టారు, మొదటి ప్యాకేజీ అయ్యాక ఎంతమంది కొనసాగారు, ఎంతమంది ఇంకొకరిని పంపారు. వాట్సాప్, క్యాలెండర్, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుంటే ఒక ఆదివారం పని. గుర్తున్నది రాసేయొద్దు. డబ్బు కట్టినవాళ్లు గుర్తుంటారు, అడిగి మాయమైనవాళ్లు గుర్తుండరు. మొత్తం అడిగినవాళ్లు 30 మంది కూడా లేకపోతే శాతాలు కట్టకండి, ఒక్కొక్కరి పేరు చూసి ఎక్కడ ఆగారో రాయండి.

ఇప్పుడు ఎక్కడ కారుతోందో చూడండి. అడిగేవాళ్లే తగ్గారు, వచ్చినవాళ్లు మాత్రం కట్టి కొనసాగుతున్నారంటే మీ పనిలో లోపం లేదు, మీ క్లయింట్లు వేరేచోటికి జరిగారు. తొలి కాల్‌కి వచ్చి కట్టకుండా పోతుంటే ఫోన్ చేసి కారణం అడగండి. “ఉచితంగా అయిపోతోంది” అన్నవాళ్లే ఎక్కువైతే ఆ ప్యాకేజీ ఇక మూసేయాల్సిందే. కట్టారు, ఆరు సెషన్లయ్యాక మళ్లీ రాలేదు, ఎవర్నీ పంపలేదు అంటే లోపం సెషన్‌లోనే ఉంది. ఇక్కడ దారి మార్చినా లాభం లేదు, కొత్త దారిలోనూ అదే చోట కారుతుంది.

[స్క్రీన్: ఆడియో వేవ్‌ఫారం, టైమర్]

ఈ మూడోదే అందరూ తప్పించుకునేది, అందుకే కాసేపు ఆగుదాం. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన ఒక సెషన్ తీసుకోండి. స్టాప్‌వాచ్ పెట్టి మీరెంతసేపు మాట్లాడారో కొలవండి. సగం దాటితే అది కోచింగ్ కాదు, సలహా. మనవాళ్లతో ఇది మరీ సులువుగా జరుగుతుంది. క్లయింట్ అంటాడు, “మా మేనేజర్ నన్ను పట్టించుకోడు. మీరే చెప్పండన్నా, ఏం చేయమంటారు?” ‘అన్నా’ అన్న మరుక్షణం మనలో పెద్దన్న లేస్తాడు, “నేరుగా పైవాడితో మాట్లాడు” అని తేల్చేస్తాడు. ఆ సలహా చాట్‌జీపీటీ కూడా ఇస్తుంది, అర్ధరాత్రి కూడా ఇస్తుంది. “పట్టించుకోడు అంటున్నావు, పోయిన వారం ఏ మీటింగ్‌లో ఏం జరిగింది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం వేరే పని. దానికే ఇంకా డబ్బు వస్తోంది.

లోతుకు దిగడమంటే మొదట ఇది. సర్టిఫికెట్ తరవాత. కోచ్‌లకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్‌లో తొలి మెట్టు సర్టిఫికెట్ ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ కావాలి. దాని పై మెట్టు పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల కోచింగ్, అందులో 450 డబ్బు తీసుకుని చేసినవి, కనీసం 25 మంది క్లయింట్లు.

[స్క్రీన్: 400 ÷ 288]

100 గంటల దగ్గరున్న మనిషి వారానికి ఆరు గంటల చొప్పున ఏడాదికి 48 వారాలు చేస్తే 288 గంటలు. మిగిలిన 400కి దాదాపు 17 నెలలు. వారానికి మూడే అయితే రెండేళ్ల తొమ్మిది నెలలు. క్లయింట్లే లేనివాడికి ఈ దారి ఎందుకు సాగదో ఇక్కడే తెలిసిపోతుంది. ఇంకో మాట: విడిగా వచ్చే క్లయింట్లు పీసీసీ ఉందా అని అడగడం అరుదు, కంపెనీ హెచ్‌ఆర్‌వాళ్లు అడుగుతారు. కంపెనీల పని మీకు వద్దనుకుంటే, ముందు 10 గంటల మెంటార్ కోచింగ్, అంటే అనుభవమున్న కోచ్ మీ కోచింగ్ తీరు చూసి దిద్దడం, తీసుకోండి, ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనపడుతుంది.

ఇక దారి మార్చడం. చేసే పని అదే ఉంచి మనుషుల్ని మార్చడం మొదటి అడుగు. వైట్‌ఫీల్డ్‌లో, అవుటర్ రింగ్ రోడ్డు మీద విదేశీ కంపెనీల సొంత సెంటర్లు ఉన్నాయి. అక్కడ కోడ్ రాసి రాసి ఈ ఏడాదే మేనేజర్ అయినవాడికి రెజ్యూమె గొడవ లేదు, నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడికి రేటింగ్ తగ్గించి చెప్పాలి, అదీ బాధ. అలాంటివాళ్లు 25 మందితో మాట్లాడి, ఎనిమిది వారాల ప్యాకేజీ ఐదుగురికి అమ్మి చూడండి. ఉచితంగా వద్దు. ఉచితంగా చేస్తే అందరూ “చాలా బాగుందండీ” అంటారు, దాంతో ఏమీ తెలియదు. మీ మామూలు ఫీజులో సగానికి తగ్గకండి. 25 మందిలో ఐదుగురైనా కట్టకపోతే ఆ ఆలోచన వదిలేయండి. పాత క్లయింట్లను మాత్రం ఆ ఎనిమిది వారాలూ వదలొద్దు. తెలుగులో మాట్లాడటం తలుపు తెరుస్తుందిగానీ, కంపెనీ దానికి విడిగా ఫీజివ్వదు.

[స్క్రీన్: నమూనా ఇన్వాయిస్]

కంపెనీలకు మారేవాళ్లు మునిగేది డబ్బు ఆలస్యంలోనే. సర్వీసులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తీసుకున్నాక లక్ష రూపాయల పనికి 18,000 జీఎస్టీ కలిపి బిల్లు వేస్తారు. కంపెనీ లక్ష మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపన్ను, పట్టుకుని 1,08,000 వేస్తుంది. అందులో 18,000 మీది కాదు. పైగా నెలనెలా రిటర్ను వేసేవాళ్లు, కంపెనీ పైసా ఇవ్వకపోయినా, తరవాతి నెల 20లోపు ఆ 18,000 కట్టాలి. టీడీఎస్ ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, అప్పటిదాకా చేతికి రాదు.

చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బును, ఒప్పందం ఉన్నా, 45 రోజులు దాటించకూడదని చట్టం. ఉద్యమ్ నంబరు ఇన్వాయిస్ మీద వేయండి, గడువు ఒప్పందంలో రాయించండి. పని మొదలయ్యే ముందే వెండర్ పేమెంట్లు చూసే ఫైనాన్స్ మనిషి ఈమెయిల్ తీసుకోండి, ఎందుకంటే బిల్లు ఆగినప్పుడు హెచ్‌ఆర్ చేతిలో ఏమీ ఉండదు.